స్క్రీన్ టైమ్ నియంత్రణ

ఫోన్, టీవీ, కంప్యూటర్, ట్యాబ్, వీడియో గేమ్ వంటి పరికరాల తెరల ముందు ఒక వ్యక్తి రోజు మొత్తంలో గడిపే సమయాన్ని స్క్రీన్ టైమ్ అంటారు. ఆ తెరల నుంచి వచ్చిపడే సందేశాలు, వార్తలు, వీడియోలు, ఆఫీసు మెయిళ్లు మనసు ఇముడ్చుకోగల మోతాదును మించినప్పుడు ఏర్పడే స్థితి డిజిటల్ అతిభారం. ఈ రెండూ తరచూ కలిసే కనిపిస్తాయి గాని ఒకటి కావు. మూడు గంటల సినిమా తీరుబడిగా చూసినవారికి స్క్రీన్ టైమ్ ఎక్కువే, అతిభారం మాత్రం ఉండకపోవచ్చు. అరగంటలో నలభై వాట్సాప్ సందేశాలకు జవాబులిచ్చినవారికి గడిచిన సమయం తక్కువే అయినా తల బరువెక్కుతుంది. అందుకే నియంత్రణ పద్ధతులు కూడా రెండు తోవల్లో నడుస్తాయి: గంటలను తగ్గించేవి కొన్ని, అంతరాయాలను తగ్గించేవి కొన్ని.

చరిత్ర

సమాచారం మితిమీరితే చేటు అన్న ఆలోచన స్మార్ట్‌ఫోన్ కంటే చాలా పాతది. అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త బెర్ట్రామ్ గ్రాస్ 1964లో సంస్థల నిర్వహణపై రాసిన గ్రంథంలో ‘సమాచార అతిభారం’ అన్న అర్థమిచ్చే మాట వాడాడు. 1970లో ఆల్విన్ టాఫ్లర్ రాసిన ‘ఫ్యూచర్ షాక్’ దాన్ని జనసామాన్యానికి పరిచయం చేసింది. 1971లో హెర్బర్ట్ సైమన్ ఈ సమస్యను ఆర్థికశాస్త్ర దృష్టితో చూశాడు. సమాచారాన్ని అందుకోవడానికి ఖర్చయ్యేది మనిషి అవధానమే కాబట్టి, సమాచారం పోగుపడే కొద్దీ అవధానానికి కరువు వస్తుందని ఆయన వివరించాడు. తర్వాతి కాలంలో ‘అవధాన ఆర్థిక వ్యవస్థ’ అని పేరుపడిన భావనకు ఇదే పునాది. కంప్యూటర్లు ఆఫీసుల్లోకి అడుగుపెట్టిన రోజుల్లో, 1984లో, క్రెయిగ్ బ్రాడ్ ‘టెక్నోస్ట్రెస్’ అనే మాటను వాడుకలోకి తెచ్చాడు. ‘డిజిటల్ డిటాక్స్’ 2013లో ఆక్స్‌ఫర్డ్ ఆన్‌లైన్ నిఘంటువులో చేరింది. నాసిరకం ఆన్‌లైన్ సరుకును ఎడతెగకుండా చూడటం వల్ల బుద్ధి మొద్దుబారుతుందన్న అర్థంలో వాడే ‘బ్రెయిన్ రాట్’ను అదే సంస్థ 2024 సంవత్సరపు మాటగా ప్రకటించింది.

భారతదేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైంది. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రసారాలు ప్రారంభించింది. ఆ కాలంలో ప్రసారాలు పరిమిత వేళల్లోనే వచ్చేవి. కార్యక్రమాలు ముగియగానే టీవీ కట్టేయడం తప్ప చేయగలిగింది ఉండేది కాదు. ఇంట్లో ఒకటే టీవీ, అందరూ కలిసి చూసేది. 1990లలో కేబుల్ ఛానళ్ల రాకతో ఇరవైనాలుగు గంటల ప్రసారాలు అలవాటయ్యాయి. 2016 సెప్టెంబరులో జియో రాకతో మొబైల్ డేటా ధరలు ఒక్కసారిగా పడిపోయి, తెర ఇంటి వస్తువు నుంచి ఒంటి వస్తువుగా మారింది. 2020 లాక్‌డౌన్‌లో తరగతులు, ఉద్యోగాలు, పలకరింపులు అన్నీ తెర మీదికే చేరాయి. అదే ఏడాది జూన్‌లో కేంద్రం టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను నిషేధించింది. వెంటనే జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ ఆ ఖాళీలోకి వచ్చాయి. యాప్ పోయినా అలవాటు పోలేదు.

పనిచేసే తీరు

ఉచితంగా దొరికే యాప్‌లలో చాలావాటికి ప్రకటనలే ఆదాయం. వాడేవారు ఎంత ఎక్కువసేపు ఉంటే అంత ఎక్కువ ప్రకటనలు చూపవచ్చు. కాబట్టి చేతిలోంచి ఫోన్ దించకుండా చేయడమే వాటి రూపకల్పనలో ప్రధాన లక్ష్యమైంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో బి.జె. ఫాగ్ 1998లో నెలకొల్పిన ప్రయోగశాల, కంప్యూటర్ల ద్వారా మనుషుల ప్రవర్తనను మలచడం ఎలాగో అధ్యయనం చేసింది. 2006లో ఏజా రాస్కిన్ రూపొందించిన అంతులేని స్క్రోల్ ‘తర్వాతి పేజీ’ నొక్కవలసిన అవసరాన్ని తీసేసింది. పేజీ చివర అంటూ ఒకటి ఉంటే మనిషి అక్కడ ఒక్క క్షణం ఆగి, ఇక చాలా, ఇంకా కావాలా అని తేల్చుకుంటాడు. ఆ క్షణమే లేకుండా పోయింది. 2009లో ఫేస్‌బుక్ ప్రవేశపెట్టిన లైక్ బటన్, దానంతటదే మొదలయ్యే తర్వాతి వీడియో, ఒక్కరోజు మానినా తెగిపోయే ‘స్ట్రీక్’ లెక్కలు కూడా మనిషిని తెర దగ్గర నిలిపి ఉంచేవే.

వీటి బలం వెనక ఉన్న సూత్రాన్ని మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలు, ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో గుర్తించాడు. నొక్కిన ప్రతిసారీ గింజ పడే మీట కంటే, ఎప్పుడు పడుతుందో తెలియని మీటనే జీవి ఎక్కువసార్లు, ఎక్కువకాలం నొక్కుతుంది. ప్రతిఫలం ఊహించినదానికంటే మెరుగ్గా వచ్చినప్పుడు డోపమిన్ కణాల స్పందన పెరుగుతుందని వోల్ఫ్రామ్ షుల్జ్ 1990లలో కోతులపై చేసిన పరిశోధనలు చూపాయి. రీల్స్‌లో పది పేలవంగా ఉండి పదకొండోది నవ్వించడం, ఫోన్ తెరిచిన ప్రతిసారీ కాకుండా ఎప్పుడో ఒకసారి మంచి కబురు కనిపించడం ఈ సూత్రానికి సరిపోతాయి. గూగుల్‌లో పనిచేసిన ట్రిస్టన్ హారిస్ ఈ పద్ధతులను బహిరంగంగా విమర్శిస్తూ 2018లో సెంటర్ ఫర్ హ్యూమేన్ టెక్నాలజీ స్థాపనలో పాలుపంచుకున్నాడు.

శరీరంపై ప్రభావం

నిద్ర: కంటి రెటీనాలోని కొన్ని ప్రత్యేక కణాలు 480 నానోమీటర్ల సమీపంలోని నీలి కాంతికి ఎక్కువగా స్పందించి, ఇంకా పగలే అన్న సంకేతాన్ని మెదడుకు పంపుతాయి. దాంతో నిద్రను సిద్ధం చేసే మెలటోనిన్ హార్మోన్ తగ్గుతుంది. 2015లో వెలువడిన ఒక అమెరికన్ ప్రయోగంలో, పడుకునే ముందు వెలుగునిచ్చే ఈ-రీడర్‌పై చదివినవారు అచ్చు పుస్తకం చదివినవారి కంటే నిద్రలోకి జారుకోవడానికి సగటున 10 నిమిషాలు ఎక్కువ తీసుకున్నారు. అయితే నష్టమంతా కాంతి వల్లే కాదు. ‘ఇదొక్కటి చూసి పడుకుందాం’ అంటూ నిద్రవేళ వెనక్కి జరగడం, మనసును కుదిపే వార్తలు చూడటం కూడా కారణాలే. అందువల్ల నైట్ మోడ్ పెట్టుకోవడం ఒక్కటే పరిష్కారం కాదు.

కళ్లు: మామూలుగా మనిషి నిమిషానికి 15 సార్లకు అటూఇటూగా రెప్పలు వేస్తాడు. తెరను తదేకంగా చూసేటప్పుడు ఆ సంఖ్య బాగా పడిపోయి కళ్లు పొడిబారతాయి, మండుతాయి, చూపు మసకబారుతుంది. దీన్ని కంప్యూటర్ విజన్ సిండ్రోమ్ అంటారు. పిల్లల విషయంలో పెద్ద ఆందోళన హ్రస్వదృష్టి, అంటే దూరపు వస్తువులు మసకగా కనిపించడం. 2050 నాటికి ప్రపంచ జనాభాలో దాదాపు సగం మందికి ఈ లోపం ఉంటుందని 2016లో వెలువడిన ఒక అంచనా తెలిపింది. దగ్గరి చూపు పనులు ఎక్కువ కావడం, ఎండ పొడ తగలకపోవడం రెండూ దీనికి దోహదం చేస్తాయి. తైవాన్ 2010 నుంచి బడిపిల్లలను రోజుకు 120 నిమిషాలు ఆరుబయట ఉంచే కార్యక్రమం చేపట్టాక, అంతవరకు పెరుగుతూ వచ్చిన దృష్టిలోపం తగ్గుముఖం పట్టింది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థలోనూ హ్రస్వదృష్టిపై ప్రత్యేక పరిశోధన సాగుతోంది.

మెడ, నడుము: నిటారుగా ఉన్నప్పుడు తల బరువు సుమారు 5 కిలోలు. ఫోన్ కోసం తలను 60 డిగ్రీలు వంచినప్పుడు మెడ ఎముకలపై పడే బలం 27 కిలోల దాకా ఉంటుందని 2014లో ఒక వెన్నెముక శస్త్రవైద్యుడు నమూనా లెక్కతో చూపాడు. మెడనొప్పికి, బొటనవేలి కీళ్ల నొప్పికి, గంటల తరబడి కదలకుండా కూర్చోవడం వల్ల వచ్చే బరువుకు కూడా మితిమీరిన వాడకంతో సంబంధం ఉంది.

ఏకాగ్రతపై ప్రభావం

తెలుగువారి అష్టావధానంలో అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడమే పనిగా అప్రస్తుత ప్రసంగి అనే పృచ్ఛకుడు ఒకడుంటాడు. ఎనిమిది మందిలో ఆ పని చేసేది ఒక్కడే, దాన్ని తట్టుకోవడానికి అవధానికి ఏళ్ల సాధన ఉంటుంది. నోటిఫికేషన్లు ఆన్ చేసి ఉన్న ఫోన్‌లో ప్రతి యాప్ అప్రస్తుత ప్రసంగే. ఒక పని నుంచి ఇంకో పనికి మళ్లినప్పుడు మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని, కొత్త పని అందువల్ల కుంటుపడుతుందని 2009లో సోఫీ లెరాయ్ పరిశోధన చూపింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గ్లోరియా మార్క్ 2004 ప్రాంతంలో కొలిచినప్పుడు ఉద్యోగులు ఒక తెరపై సగటున రెండున్నర నిమిషాలు నిలిచేవారు. తర్వాతి సంవత్సరాల్లో అది సుమారు 47 సెకన్లకు తగ్గింది. బల్ల మీద మూగబోయి పడి ఉన్న సొంత ఫోన్ కూడా ఆలోచనాశక్తిని కొంత లాక్కుంటుందని 2017లో ఒక ప్రయోగం తేల్చింది. అయితే తర్వాత జరిగిన పునఃప్రయోగాల్లో అందరికీ అదే ఫలితం రాలేదు.

మానసిక స్థితి: భిన్నాభిప్రాయాలు

స్క్రీన్ టైమ్ పెరిగితే దిగులు పెరుగుతుందా అన్న ప్రశ్నకు పరిశోధకుల సమాధానాలు ఒకటిగా లేవు. అమెరికాలో 2012 తర్వాత కౌమార బాలబాలికల్లో కుంగుబాటు పెరగడానికి స్మార్ట్‌ఫోన్, సోషల్ మీడియాలే ముఖ్య కారణమని జీన్ ట్వెంగీ, జోనాథన్ హైట్ వాదిస్తున్నారు. దీనికి భిన్నంగా, ఎమీ ఓర్బెన్, ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ 2019లో మూడు పెద్ద సర్వేల సమాచారాన్ని విశ్లేషించి, కౌమారుల మానసిక క్షేమంలోని తేడాల్లో డిజిటల్ వాడకంతో ముడిపడినది 0.4 శాతానికి మించదని తేల్చారు. బ్రిటన్‌లో లక్షా ఇరవై వేల మంది పదిహేనేళ్లవారిపై 2017లో వచ్చిన అధ్యయనం, మితమైన వాడకం వల్ల హాని కనిపించదనీ, ఒక హద్దు దాటాకే క్షేమం తగ్గుతుందనీ సూచించింది. దిగులుగా ఉన్నవారే ఫోన్‌లో ఎక్కువసేపు గడుపుతుండవచ్చు కాబట్టి ఏది కారణమో, ఏది ఫలితమో సర్వేలతో తేల్చడం కష్టం.

ప్రయోగాలు కొంత స్పష్టత ఇస్తాయి. 2018లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 143 మంది విద్యార్థులతో జరిగిన ప్రయోగంలో కొందరు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్‌లను ఒక్కోదాన్ని రోజుకు 10 నిమిషాలకే పరిమితం చేసుకున్నారు. మూడు వారాల్లో వారిలో ఒంటరితనం, దిగులు తగ్గాయి. అదే ఏడాది అమెరికా మధ్యంతర ఎన్నికలకు ముందు నాలుగు వారాలపాటు ఫేస్‌బుక్ మానినవారికి రోజుకు సగటున గంట సమయం మిగిలింది. వారి మనఃస్థితి కొద్దిగా మెరుగుపడింది, వార్తల పరిజ్ఞానం మాత్రం తగ్గింది. ప్రయోగం ముగిశాక కూడా వారు మునుపటికంటే తక్కువగానే ఫేస్‌బుక్ వాడారు. ఎన్ని గంటలు అన్నదాని కంటే, ఆ గంటలు దేని స్థానాన్ని ఆక్రమిస్తున్నాయి అన్నదే ముఖ్యమని ఇప్పుడు చాలామంది నిపుణులు భావిస్తున్నారు. నిద్ర, ఆట, చదువు, ఇంట్లోవారితో మాట్లాడే సమయం కోతకు గురైనప్పుడే తెర సమస్యగా మారుతుంది.

పిల్లలకు మోతాదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్ల లోపు పిల్లలకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఏడాది నిండనివారికి తెర అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్లవారికి గంట మించరాదని, అంతకన్నా తగ్గితే ఇంకా మంచిదని చెప్పింది. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ మార్గదర్శకాల ప్రకారం రెండేళ్ల లోపు పిల్లలకు బంధువులతో వీడియో కాల్ తప్ప తెర చూపకూడదు. రెండు నుంచి అయిదేళ్ల వరకు గంట, అయిదు నుంచి పదేళ్ల వరకు రెండు గంటల లోపు అనుమతించవచ్చు. వీడియో కాల్‌కు ఇచ్చిన ఈ మినహాయింపు అమెరికా, గల్ఫ్ దేశాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ముఖ్యమైనది. అమ్మమ్మ, తాతయ్యల ముఖాలు మనవలకు తెలిసేది ఎక్కువగా ఆ కాల్స్ ద్వారానే. కాల్‌లో పిల్లవాడు పలికితే అవతలివారు బదులు పలుకుతారు. కార్టూన్ బదులు పలకదు. పసిపిల్లలకు మాటలు వచ్చేది ఈ ఇచ్చిపుచ్చుకోవడం వల్లనే.

అన్నం తినిపించడానికి ఫోన్ చేతికివ్వడం ఇప్పుడు ఇళ్లలో సర్వసాధారణం. అలా తినే పిల్లలు ఆకలినీ, కడుపు నిండటాన్నీ గమనించడం నేర్చుకోరని శిశువైద్యులు హెచ్చరిస్తున్నారు. 2020లో కేంద్ర విద్యాశాఖ ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకాలు ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఆన్‌లైన్ పాఠాలను రోజుకు 30 నుంచి 45 నిమిషాల చొప్పున రెండుకు పరిమితం చేశాయి. 2024 అసర్ (వార్షిక విద్యా స్థితి) నివేదిక ప్రకారం, గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. సర్వేకు ముందు వారంలో దాన్ని చదువుకు వాడినవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతం.

తగ్గించే పద్ధతులు

సంకల్పబలం ఒక్కదాని మీద ఆధారపడిన తీర్మానాలు ఎక్కువకాలం నిలవవు. ఫోన్ అందుబాటును, ఆకర్షణను తగ్గించే ఏర్పాట్లు అంతకంటే బాగా పనిచేస్తాయి.

మొదటి మెట్టు లెక్క తెలుసుకోవడం. 2018లో ఆండ్రాయిడ్‌లో ‘డిజిటల్ వెల్‌బీయింగ్’, ఐఫోన్‌లో ‘స్క్రీన్ టైమ్’ సదుపాయాలు వచ్చాయి. ఏ యాప్‌లో ఎంతసేపు గడిచింది, రోజుకు ఎన్నిసార్లు ఫోన్ తెరిచారు అన్నవి ఇవి చూపుతాయి. యాప్‌కు రోజువారీ గడువు కూడా పెట్టుకోవచ్చు.

రెండోది నోటిఫికేషన్ల నియంత్రణ. భారతదేశంలో 237 మందిపై జరిగి 2019లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, నోటిఫికేషన్లను రోజుకు మూడు విడతలుగా కట్టగట్టి అందించినప్పుడు వాడేవారి ఏకాగ్రత, మనఃస్థితి మెరుగుపడ్డాయి. పూర్తిగా ఆపేసినప్పుడు మాత్రం ఏదో చూడకుండా పోతున్నామన్న ఆందోళన పెరిగింది. మనుషుల నుంచి వచ్చే కాల్స్, సందేశాలకు శబ్దం ఉంచి, యాప్‌లు తమంతట తాము పంపే ప్రకటనలను ఆపేయడం ఆచరణలో తేలికైన మధ్యేమార్గం. ఇరవై వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవారు వాటిని మ్యూట్ చేసి, రోజులో ఒకటి రెండు వేళల్లో చూసుకోవచ్చు.

మూడోది చోటు, వేళల కట్టుబాటు. ఫోన్‌ను పడకగదిలో కాక హాల్లో ఛార్జింగ్ పెట్టి, అలారానికి మామూలు గడియారం వాడటం, పడుకునే ముందు గంటసేపు తెర చూడకపోవడం, భోజనాల దగ్గరికి ఫోన్ తేకపోవడం ఈ కోవలోవి. ఈ కట్టుబాటు పెద్దలకూ వర్తించిన ఇళ్లలోనే పిల్లలు దాన్ని పాటిస్తారు.

నాలుగోది ఆకర్షణ తగ్గించడం. 2020లో అమెరికన్ కళాశాల విద్యార్థులపై వచ్చిన ఒక అధ్యయనంలో, తెరను నలుపు తెలుపులోకి మార్చినవారి వాడకం రోజుకు సగటున 38 నిమిషాలు తగ్గింది. ఎక్కువగా లాగే యాప్‌ను హోమ్ స్క్రీన్ నుంచి తీసేయడం, వాడిన ప్రతిసారీ లాగౌట్ చేయడం, ఆటోప్లే ఆపేయడం వల్ల కూడా అలవాటుగా వేలు పోయే చోట ఒక చిన్న అడ్డు ఏర్పడుతుంది.

అయిదోది ప్రత్యామ్నాయం. మిగిలిన సమయంలో చేయడానికి ఆట, నడక, పుస్తకం, తోటపని, సంగీతం వంటిది ఏదీ లేకపోతే చేయి మళ్లీ ఫోన్ మీదికే పోతుంది. పని కోసం తెర తప్పనివారికి కంటివైద్యులు 20-20-20 సూత్రం చెబుతారు: ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లపాటు చూడాలి.

కార్యాలయాలు, బడులు, చట్టాలు

పని వేళలు ముగిశాక మెయిళ్లకు, కాల్స్‌కు స్పందించనక్కరలేని హక్కును 2017 జనవరి నుంచి ఫ్రాన్స్ కార్మిక చట్టం గుర్తించింది. ఆస్ట్రేలియాలో ఇటువంటి హక్కు 2024 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. భారత్‌లో 2018లో లోక్‌సభ ముందుకు ఈ అంశంపై ప్రైవేటు సభ్యుల బిల్లు వచ్చింది గాని చట్టం కాలేదు. అమెరికా వేళలకు అనుగుణంగా రాత్రి కాల్స్‌లో పాల్గొనే హైదరాబాద్ ఐటీ ఉద్యోగులకు ఈ చర్చ నేరుగా సంబంధించినది.

ఫ్రాన్స్ 2018లో పదిహేనేళ్ల లోపు పిల్లల బడుల్లో ఫోన్ల వాడకాన్ని చట్టంతో నిషేధించింది. చదువుకు ఉపయోగపడినప్పుడే బడిలో ఫోన్ ఉండాలని యునెస్కో 2023 నివేదిక సూచించాక, అదే ఏడాది ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విద్యార్థులు బడికి ఫోన్లు తేకుండా నిషేధించి, తరగతి గదుల్లో ఉపాధ్యాయుల ఫోన్లపైనా ఆంక్షలు పెట్టింది. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ల లోపువారికి ప్రధాన సోషల్ మీడియా ఖాతాలు నిషిద్ధం. మైనర్ల ఆన్‌లైన్ ఆటలను చైనా 2021లో వారానికి సుమారు మూడు గంటలకు కుదించింది. అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా పదహారేళ్ల లోపువారికి ఆటలను ఆపేస్తూ దక్షిణ కొరియా 2011లో తెచ్చిన చట్టాన్ని పదేళ్లకు రద్దు చేసుకుంది. డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ రమ్మీ వంటి ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం ఇలాంటి ఆటలపై దేశవ్యాప్త చట్టం చేసింది.

వ్యసనం, చికిత్స

ఎక్కువ వాడకమంతా వ్యసనం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో ‘గేమింగ్ డిజార్డర్’ను రుగ్మతగా చేర్చింది. అది 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఆటపై అదుపు తప్పడం, మిగతా పనులన్నింటికంటే ఆటకే ప్రాధాన్యమివ్వడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం దీని లక్షణాలు. సాధారణంగా ఇవి ఏడాదిపాటు కొనసాగితేనే రుగ్మతగా నిర్ధారిస్తారు. సోషల్ మీడియా వ్యసనం ఆ జాబితాలో ప్రత్యేక రుగ్మతగా లేదు.

బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2014లో టెక్నాలజీ మితిమీరిన వాడకంపై ‘షట్’ పేరుతో క్లినిక్ ప్రారంభించింది. ఢిల్లీ ఎయిమ్స్ 2016లో ప్రవర్తనా వ్యసనాల క్లినిక్ తెరిచింది. చికిత్సలో ఫోన్ లాక్కోవడం కంటే, ఫోన్ వైపు నెట్టే విసుగు, ఒంటరితనం, పరీక్షల భయం వంటివాటిని గుర్తించి ఆలోచన, అలవాట్లను మార్చే ప్రవర్తనా చికిత్సకూ, కుటుంబానికి ఇచ్చే సలహాలకూ ప్రాధాన్యముంటుంది. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరుపై తెలుగులోనూ ఉచితంగా అందుతుంది.

సామూహిక ప్రయత్నాలు

ఒక్కరే ఫోన్ కట్టేస్తే వెలిపడినట్టు ఉంటుంది. అందరూ ఒకేసారి కట్టేస్తే ఆ ఇబ్బంది ఉండదు. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలోని మోహిత్యాంచే వడ్గావ్ గ్రామం 2022 ఆగస్టు 15 నుంచి ఈ పద్ధతిని పాటించడం మొదలుపెట్టింది. సాయంత్రం ఏడు గంటలకు గుడి పైనున్న సైరన్ మోగగానే టీవీలు, ఫోన్లు కట్టేసి, గంటన్నరసేపు పిల్లలు చదువుకోవడం, పెద్దలు పుస్తకాలు పట్టుకోవడమో మాట్లాడుకోవడమో చేయాలన్నది ఊరి కట్టుబాటు. ఎనిమిదిన్నరకు మళ్లీ సైరన్ మోగుతుంది. లాక్‌డౌన్ ఆన్‌లైన్ తరగతుల తర్వాత పిల్లలు పుస్తకం పట్టడం లేదన్న ఉపాధ్యాయుల ఫిర్యాదు దీనికి మూలం.

పూర్తిగా మానేయడం ఇప్పటి జీవితంలో చాలామందికి సాధ్యం కాదు. చెల్లింపులు, బ్యాంకు ఓటీపీలు, టికెట్లు, బడి సమాచారం, ప్రభుత్వ సేవలు అన్నీ ఫోన్‌తోనే ముడిపడ్డాయి. అందుచేత ఇలాంటి ప్రయత్నాలన్నిటి లక్ష్యం తెరను తీసేయడం కాదు, దానికి ఒక వేళను, ఒక ముగింపును ఏర్పరచడం.